250 ఓమ్స్ హెడ్‌ఫోన్‌కి సౌండ్ కార్డా, యాంపా? వాట్లు కాదు, వోల్టులు చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. బెంగళూరు మారతహళ్లిలో పీజీ గది, అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్. సెకండ్ హ్యాండ్‌లో బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో, 250 ఓమ్స్‌ది (ఓమ్స్ అంటే కరెంటుకి అది ఇచ్చే అడ్డు, ఇంపెడెన్స్) తీసుకున్నారు. క్యాబినెట్ ముందు జాక్‌లో పెడితే కొత్త సినిమా పాటలు పర్వాలేదు. కచేరీ రికార్డింగులు, పాత పాటలు మాత్రం వాల్యూమ్ నూరు పెట్టినా చాలట్లేదు. అదే జాక్‌లో 16 ఓమ్స్ ఐఈఎం (చెవి లోపల పెట్టుకునే ఇయర్‌ఫోన్) పెడితే పాట ఆగగానే సర్‌మని శబ్దం, మౌస్ కదిపితే గీరుతున్నట్టు చప్పుడు. లోపల బిగించే సౌండ్ కార్డ్ కొనాలా, బయట యాంప్ కొనాలా, కొంటే ఎన్ని వాట్లది? బడ్జెట్ పది వేలు.

లోపలి సౌండ్ కార్డ్ వద్దు. ముందు పైసా ఖర్చు లేని పని చేయండి. హెడ్‌ఫోన్‌ని క్యాబినెట్ వెనక ఆకుపచ్చ జాక్‌లో పెట్టి రెండ్రోజులు వినండి. చాలకపోతే 3.5 ఎంఎం జాక్ నుంచే 2 వోల్టులు ఇచ్చే యూఎస్‌బీ డాంగిల్ (యూఎస్‌బీకి తగిలించే, హెడ్‌ఫోన్ జాక్ ఉన్న చిన్న పరికరం) తీసుకోండి, మీ బడ్జెట్‌లో సగం కూడా కాదు. కచేరీలే ఎక్కువ వింటూ, పైగా ఈక్వలైజర్ కూడా వాడేటట్టయితేనే డెస్క్‌టాప్ డాక్-యాంప్ (డిజిటల్ పాటని మామూలు సిగ్నల్‌గా మార్చి, దాన్ని పెంచే డబ్బా). అందులో చూడాల్సిన అంకె ఒక్కటే: 300 ఓమ్స్ దగ్గర 50 మిల్లీవాట్లకి తగ్గకూడదు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే 32 ఓమ్స్ వాట్లతో మీ హెడ్‌ఫోన్‌కి పని లేదు.

ఎందుకో లెక్కతో చెప్తాను. ఈ లెక్క ఒకసారి చేతికొస్తే ఇంకెప్పుడూ ఎవరినీ అడగక్కర్లేదు.

ఓమ్స్ ఎక్కువుంటే "నడపడం కష్టం" అని అందరూ అంటుంటారు. అది సగమే నిజం. ఎంత గట్టిగా మోగుతుందో తేల్చేది సెన్సిటివిటీ. కంపెనీలు దీన్ని రెండు రకాలుగా రాస్తాయి: ఒక మిల్లీవాట్‌కి ఇన్ని డీబీ (డెసిబెల్స్, శబ్దం కొలమానం) అని కొన్ని, ఒక వోల్ట్‌కి ఇన్ని డీబీ అని కొన్ని. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చేసి పప్పులో కాలేసేవాళ్ళే ఎక్కువ. మిల్లీవాట్ అంకెని వోల్ట్ అంకెలోకి మార్చాలంటే 1000ని ఓమ్స్‌తో భాగించి, దాని లాగ్‌ని పదితో గుణించి కలపాలి. అంత అక్కర్లేదు, ఇవి గుర్తుంటే చాలు: 16 ఓమ్స్‌కి 18 కలపండి, 32కి 15, 80కి 11, 250కి 6, 300కి 5.

మీ డీటీ 990 ప్రో మిల్లీవాట్‌కి 96 డీబీ. 6 కలిపితే వోల్ట్‌కి 102. అంటే 1 వోల్ట్ ఇచ్చే జాక్‌లో, డిజిటల్‌గా పూర్తి స్థాయికి వచ్చిన శిఖరం (రికార్డింగులో అన్నిటికంటే గట్టి క్షణం) దగ్గర 102 డీబీ వస్తుంది, అంతకు మించి రాదు. వోల్టేజి రెట్టింపైతే 6 డీబీ పెరుగుతుంది. 2 వోల్టులకి 108, 4 వోల్టులకి 114.

102 అంటే చెవులు పగిలిపోవా అని మీకు అనిపించొచ్చు. అది శిఖరం, సగటు కాదు. ఇప్పటి సినిమా పాటలు బాగా నొక్కి మాస్టర్ చేస్తారు కాబట్టి సగటు శిఖరానికి పది డీబీ కిందే ఉంటుంది. మీకు 90 పైనే వినిపిస్తుంది, అందుకే వాటికి ఇబ్బంది లేదు. కచేరీ రికార్డింగులో తనియావర్తనంలో (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) ఒక మృదంగం దెబ్బ కోసం చోటు వదిలిపెడతారు. ఆలాపన దానికి 20, 25 డీబీ కింద నడుస్తుంది. పాత క్యాసెట్ నుంచి ఎక్కించినవైతే శిఖరమే పూర్తి స్థాయికి పది డీబీ కింద ఆగిపోతుంది. ఇవన్నీ తీసేస్తే ఆలాపన మీ చెవికి 70 దగ్గర చేరుతుంది. తల మీద సీలింగ్ ఫ్యాను అయిదులో తిరుగుతుంటే వెనక తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్‌లో తంబురా శ్రుతి అందులోనే కలిసిపోతుంది. యూట్యూబ్ మామూలుగా గట్టిగా ఉన్న పాటలని తగ్గిస్తుందే గాని మెల్లగా ఉన్నవాటిని పెంచదు. కాబట్టి తేడా ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

అందుకే నేను 110 డీబీ శిఖరాన్ని లక్ష్యంగా పెట్టుకుని లెక్కేస్తాను. ఆ స్థాయిలో వినమని కాదు, ఆ చోటు ఉండాలని. నాలుగు రకాల హెడ్‌ఫోన్లకి 110 డీబీకి ఏం కావాలో చూడండి:

డీటీ 990 ప్రో 250 ఓమ్స్‌కి 25 మిల్లీవాట్లు, అంటే 2.5 వోల్టులు, 10 మిల్లీయాంపులు.
సెన్‌హైజర్ హెచ్‌డీ 650, 300 ఓమ్స్, వోల్ట్‌కి 103 డీబీ. దానికి 2.2 వోల్టులు, 7.5 మిల్లీయాంపులు.
ఆడియో టెక్నికా ఎం50ఎక్స్, 38 ఓమ్స్, మిల్లీవాట్‌కి 99. దానికి 0.7 వోల్ట్, 18 మిల్లీయాంపులు.
హైఫైమాన్ హెచ్‌ఈ400ఎస్‌ఈ, 25 ఓమ్స్, మిల్లీవాట్‌కి 91. దానికి 1.4 వోల్టులు, 56 మిల్లీయాంపులు, 80 మిల్లీవాట్లు.

చివరిది చూశారా? ఓమ్స్ మీదాంట్లో పదో వంతు, పవర్ మాత్రం మూడు రెట్లకి పైగా కావాలి. మీది వోల్టులు అడుగుతుంది, అది కరెంటు అడుగుతుంది. యాంప్ స్పెసిఫికేషన్‌లో 300 ఓమ్స్ దగ్గరి అంకె వోల్టేజి సత్తాని, 32 ఓమ్స్ దగ్గరి అంకె కరెంటు సత్తాని చెప్తాయి. 300 ఓమ్స్‌కి 50 మిల్లీవాట్లు అంటే దాదాపు 3.9 వోల్టులు, మీకు 113 డీబీ పైమాటే. అంతకంటే ఎక్కువ ఏం ఇచ్చినా మీ గదిలో నాబ్ గడియారంలో ఎనిమిది గంటల ముల్లులా, మొదట్లోనే ఉండిపోతుంది.

ఇక ముందు జాక్ సంగతి. మదర్‌బోర్డ్ నుంచి ముందు ప్యానెల్‌కి వెళ్ళే సన్న వైరు గ్రాఫిక్స్ కార్డ్ పక్కనుంచి, పవర్ సప్లై వైర్లని రాసుకుంటూ వెళ్తుంది. చాలా క్యాబినెట్లలో దానికి షీల్డింగ్ (రొదని ఆపే లోహపు తొడుగు) ఉండదు. ముందున్న యూఎస్‌బీ పోర్టులూ అదే చిన్న బోర్డ్ మీద ఉంటాయి, గ్రౌండ్ ఒకటే. మౌస్ కదిపినప్పుడు గీరినట్టు వినిపించేది ఆ గ్రౌండ్‌లో పారే కరెంటే. దీనికి తోడు, చవక బోర్డుల్లో ఆడియో చిప్‌కీ జాక్‌కీ మధ్య 60, 75 ఓమ్స్ రెసిస్టర్లు వరసలో పెడతారు, ఎవరైనా జాక్ షార్ట్ చేసినా చిప్ కాలిపోకుండా. మీ 250 ఓమ్స్‌కి 75 ఓమ్స్ అడ్డం వస్తే 2.3 డీబీ పోతుంది, అంతే. అదే 75 ఓమ్స్ మీ ఐఈఎంకి మాత్రం పెద్ద దెబ్బ.

ఎలాగంటే, హెడ్‌ఫోన్ ఓమ్స్ అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఒకేలా ఉండవు. డైనమిక్ డ్రైవర్ (శబ్దం పుట్టించే మామూలు కాయిల్ రకం భాగం) అయితే బేస్ దగ్గర ఒక గుట్టలా పెరుగుతుంది. 32 ఓమ్స్ అని రాసున్న హెడ్‌ఫోన్ ఆ గుట్ట మీద 64 ఓమ్స్‌కి వెళ్ళిందనుకోండి. 75 ఓమ్స్ జాక్‌లో మిగతా చోట్ల 10.5 డీబీ పడిపోతుంది, గుట్ట దగ్గర 6.7 డీబీయే పడిపోతుంది. అంటే కంపెనీ పెట్టని 3.8 డీబీ బేస్ మీకు ఉచితంగా వచ్చి చేరుతుంది. ఇళయరాజా 80ల పాటల్లో బేస్ గిటార్ ఒక్కో స్వరం విడిగా కదులుతూ ఉంటుంది. ఇలాంటి జాక్‌లో ఒకటి రెండు స్వరాలే ఉబ్బి, మిగతావి వెనక్కి పోతాయి. బాలెన్స్‌డ్ ఆర్మేచర్ (చిన్న లోహపు రేకు కదిలే రకం డ్రైవర్) ఐఈఎంలలో ఇంకా ఘోరం, అక్కడ ట్రెబుల్ కూడా అటూ ఇటూ అవుతుంది. పైన చెప్పిన హైఫైమాన్ లాంటి ప్లానార్ హెడ్‌ఫోన్లలో ఓమ్స్ దాదాపు సమంగా ఉంటాయి కాబట్టి శబ్దం తగ్గడమే తప్ప రంగు మారదు.

మామూలు సూత్రం: జాక్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్ (పైన చెప్పిన 75 ఓమ్స్ లాంటి, జాక్ వైపు అడ్డు) హెడ్‌ఫోన్ ఓమ్స్‌లో ఎనిమిదో వంతుకి మించకూడదు. మీ బేయర్‌కి 31 దాకా చెల్లుతుంది, ఐఈఎంకి 2 దాటకూడదు. రెండూ వాడతారు కాబట్టి మీరు కొనేది 2 లోపే ఉండాలి. నేటి డాంగిల్స్ చాలావరకు అలాగే ఉంటాయి. 1996 నాటి ఐఈసీ 61938 ప్రమాణం మాత్రం 120 ఓమ్స్ సూచించింది. పాత రిసీవర్ల హెడ్‌ఫోన్ జాక్‌లో వంద పైన ఓమ్స్ కనిపించడం మామూలే. నాన్నగారి పాత యాంప్ ఇంట్లో ఉంటే 250 ఓమ్స్ హెడ్‌ఫోన్ దానిలో బ్రహ్మాండంగానే మోగుతుంది, ఐఈఎం మాత్రం పెట్టొద్దు.

మీ జాక్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్ ఇంట్లోనే కొలవొచ్చు. కావాల్సినవి ఒక మల్టీమీటర్, 33 ఓమ్స్ పావు వాట్ రెసిస్టర్ (నారింజ, నారింజ, నలుపు చారలు), పాత ఆక్స్ కేబుల్ (రెండు కొసలా 3.5 ఎంఎం ప్లగ్ ఉన్నది) ఒకటి. ఎస్‌పీ రోడ్‌లో రెసిస్టర్లు రూపాయల లెక్కలోనే, చెన్నైవాళ్ళకి రిచీ స్ట్రీట్. మీటర్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. పసుపు రంగు చవక మీటర్లలో ఏసీ రేంజి 200 వోల్టుల నుంచే మొదలవుతుంది, అర వోల్ట్‌ని అది సరిగ్గా చూపించలేదు. ఏసీలో 2 వోల్టుల రేంజి ఉన్నదే కావాలి, లేదా ఆటో రేంజి మీటర్.

ఆక్స్ కేబుల్ ఒక కొస కోసి, ఎడమ ఛానెల్ వైరునీ గ్రౌండ్ వైరునీ విడదీయండి. అవి ఒకదానికొకటి తగలకుండా టేప్ చుట్టండి. ఆడాసిటీ అనే ఆడియో ప్రోగ్రామ్‌లో 100 హెర్ట్జ్ సైన్ టోన్ తయారు చేసి, 0.5 యాంప్లిట్యూడ్‌తో ప్లే చేయండి. మీటర్ 0.4 వోల్ట్ దగ్గర చూపించేదాకా వాల్యూమ్ సర్దండి. ఇక వాల్యూమ్ ముట్టుకోకుండా రెసిస్టర్‌ని ఆ రెండు వైర్ల మధ్య కలిపి మళ్ళీ చూడండి. మొదటి అంకెని రెండో దానితో భాగించి, ఒకటి తీసేసి, 33తో గుణించండి. 0.40 కాస్తా 0.12కి పడిపోతే 77 ఓమ్స్. 0.39 దగ్గరే ఆగితే ఒక ఓమ్ లోపే, ఆ జాక్‌కి ఢోకా లేదు. టోన్ 100 హెర్ట్జ్ చుట్టుపక్కలే ఉండాలి. మామూలు మీటర్లు 400 హెర్ట్జ్ దాటితే తప్పు చెప్పడం మొదలుపెడతాయి.

ఐఈఎంలో సర్‌మనే శబ్దం వేరే సంగతి. మిల్లీవాట్‌కి 110 డీబీ ఉన్న 16 ఓమ్స్ ఐఈఎం అంటే వోల్ట్‌కి 128 డీబీ. జాక్‌లో 50 మైక్రోవోల్టుల రొద ఉంటే చెవిలో 42 డీబీ, స్పష్టంగా వినిపిస్తుంది. 10 మైక్రోవోల్టులైనా 28 డీబీ, రాత్రి నిశ్శబ్దంలో తెలుస్తుంది. అదే 50 మైక్రోవోల్టులు మీ బేయర్‌లో 16 డీబీయే, ఫ్యాను ముందు అసలు లెక్కలోకే రాదు. కాబట్టి బలమైన యాంప్ కొంటే ఐఈఎం బాగుపడదు, చెడే అవకాశమే ఎక్కువ. నాబ్ కాస్త కదిపితే చాలు చెవులు అదిరిపోతాయి, పైగా నాబ్ మొదట్లో రెండు ఛానెళ్ళూ సమంగా ఉండవు. ఇది తెలియాలంటే ఘంటసాల మోనో రికార్డు ఏదైనా పెట్టండి. గొంతు తల మధ్యలో ఉండాలి. ఎడమకో కుడికో జరిగి, నాబ్ పెంచుతుంటే మధ్యకి వస్తోందంటే తప్పు నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్‌ది. గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే) స్విచ్ ఉన్న యాంప్‌లో లో గెయిన్ పెట్టుకుంటే తీరుతుంది.

లోపలి సౌండ్ కార్డ్ ఎందుకు వద్దన్నానంటే, అది కూడా అదే క్యాబినెట్‌లో, అదే పవర్ సప్లై మీద బతుకుతుంది. మంచివి లేవని కాదు. ఏసుస్ ఎసెన్స్ ఎస్‌టీఎక్స్‌లో హెడ్‌ఫోన్ యాంప్ గట్టిదే. కానీ దాని ఔట్‌పుట్ ఇంపెడెన్స్ 10 ఓమ్స్ చుట్టుపక్కల, బేయర్‌కి సరిపోతుంది, ఐఈఎంకి కాదు. పైగా కార్డులకి సాఫ్ట్‌వేర్ డ్రైవర్లు ఆగిపోతే విండోస్ మారినప్పుడల్లా తలనొప్పి. యూఎస్‌బీ డాంగిల్‌కి ఆ గొడవ లేదు, రేపు పీజీ మారినా, ఆఫీసు లాప్‌టాప్‌కైనా జేబులో వేసుకుని పోవచ్చు.

డాంగిల్ ఎంచుకునేటప్పుడు ఒక మెలిక ఉంది. ప్రకటనలో "4 వోల్టులు" అని ఉంటుంది, అది 4.4 ఎంఎం బాలెన్స్‌డ్ జాక్‌ది (ఎడమ, కుడి ఛానెళ్ళకి నెగటివ్ వైర్లు విడివిడిగా ఉండేది). ఉదాహరణకి మూన్‌డ్రాప్ డాన్ ప్రోలో బాలెన్స్‌డ్‌లో 4 వోల్టులు, 3.5 ఎంఎంలో 2. మీ డీటీ 990 ప్రో కేబుల్ పీకడానికి రాదు, దాని కొసన ఉన్నది 3.5 ఎంఎం ప్లగ్. కాబట్టి మీ లెక్క 2 వోల్టులే. బాలెన్స్‌డ్ జాక్‌కి 3.5 ఎంఎం హెడ్‌ఫోన్ తగిలించే చవక అడాప్టర్ ఎట్టి పరిస్థితిలోనూ వాడొద్దు. ఎడమ, కుడి నెగటివ్‌లు రెండూ ఒకదానికొకటి షార్ట్ అవుతాయి, యాంప్ చిప్ పోతుంది. యాపిల్ చిన్న డాంగిల్ కూడా శుభ్రమైన వస్తువే, ఐఈఎంకి అది చాలు. కానీ ఎక్కువలో ఎక్కువ 1 వోల్టే, యూరప్ వెర్షన్ అందులో సగం. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో శబ్దం ఇంకా తగ్గిపోతుంది.

ఈక్వలైజర్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే డీటీ 990తో అది మీకు తప్పకపోవచ్చు. 8 కిలోహెర్ట్జ్ చుట్టూ దీనికి ట్రెబుల్ నిక్కబొడుచుకుని ఉంటుంది. గాయని "స", "శ" పలికినప్పుడు, ఘటం మీద గోటి దెబ్బకి, మాండలిన్ శ్రీనివాస్ పై స్థాయి స్వరాలకి చెవి చిట్లించుకుంటుంది. దీన్ని యాంప్ మార్చి సరిచేసుకోవాలని చూసేవాళ్ళు ఉన్నారు. ట్యూబ్ యాంప్ అయినా, లక్ష రూపాయలదైనా ఆ గుట్టని కరిగించలేదు. ఈక్వలైజర్ ఏపీఓ అనే విండోస్ ప్రోగ్రామ్ ఉచితం. 8 కిలోహెర్ట్జ్ దగ్గర మైనస్ 5 డీబీ, క్యూ (ఎంత వెడల్పున తగ్గించాలో చెప్పే అంకె) 2తో మొదలుపెట్టి చెవికి సరిపోయేలా సర్దుకోండి. తగ్గించడం మాత్రమే అయితే శబ్దం పెద్దగా పోదు. లో బేస్ 5, 6 డీబీ పెంచాలనుకుంటే మాత్రం అందులోనే ప్రీయాంప్ (మొత్తం స్థాయి) అంతే తగ్గించాలి, లేకపోతే శిఖరాలు తెగి గరగరమంటుంది. అప్పుడు 2 వోల్టుల డాంగిల్ నుంచి వచ్చేది మళ్ళీ 102 డీబీయే, మొదటికే వస్తారు. నేను డెస్క్‌టాప్ యాంప్ అన్నది ఈ ఒక్క సందర్భానికే.

విండోస్‌లో స్పేషియల్ సౌండ్ ఆపేయండి. ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ మాత్రం ఈక్వలైజర్ ఏపీఓ వాడకపోతేనే ఆపండి, లేకపోతే అదీ ఆగిపోతుంది. ఫార్మాట్ 24 బిట్ 48000 హెర్ట్జ్ పెట్టండి, చాలు. 192 కిలోహెర్ట్జ్ పెట్టి ఒరిగేదేం లేదు.

పీజీ గదుల్లో ఇంకో బెడద, ఎర్తింగ్. సాకెట్‌లో మూడో రంధ్రం ఉంటుంది గాని లోపల వైరు ఉండదు. క్యాబినెట్ ఇనప భాగాన్ని ముట్టుకుంటే జివ్వుమంటుంది, టెస్టర్ వెలుగుతుంది. పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఎర్త్ లేని బాడీ మీద దాదాపు సగం మెయిన్స్ వోల్టేజి తేలుతూ ఉంటుంది, కరెంటు చాలా స్వల్పం. డాంగిల్, హెడ్‌ఫోన్ మాత్రమే ఉంటే గ్రౌండ్ లూప్‌కి దారి లేదు. కానీ వేరే అడాప్టర్ మీద నడిచే యాంప్, స్పీకర్లు కలిపితే గుయ్‌మనే హమ్ రావచ్చు. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డ్ మీదికి తెచ్చి చూడండి. హమ్ పోతోందని ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరగ్గొట్టే తెలివి మాత్రం వద్దు, ఓనర్‌ని అడిగి ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ సరిచేయించండి.

చివరగా, ఇవన్నీ కొనే ముందు మీ చేతిలో ఉన్నది నిజంగా 250 ఓమ్స్‌దేనా చూసుకోండి. సెకండ్ హ్యాండ్ కదా. దీనికి చవక పసుపు మీటర్ చాలు, రెసిస్టెన్స్ రేంజి అందులో బాగానే పని చేస్తుంది. ప్లగ్ కొసకీ మొదలుకీ మధ్య, నడిమి రింగుకీ మొదలుకీ మధ్య కొలవండి. రెండూ 250కి దగ్గర్లో, ఒకదానికొకటి దాదాపు సమానంగా ఉండాలి. 80 చుట్టుపక్కల వస్తే మీకు అంటగట్టింది వేరే వెర్షన్, పై లెక్కలో 5 డీబీ మారుతుంది. కొలుస్తూ ప్లగ్ దగ్గర కేబుల్‌ని మెల్లగా వంచండి. అంకె ఎగిరిపడితే లోపల తీగ తెగిందని అర్థం. ప్లగ్ కోసి, కొత్తది టంకం వేయించుకోవాలి. గ్రౌండ్ తీగే తెగితే గాయకుడి గొంతు మాయమై వాద్యాలు మాత్రం దూరంగా వినిపిస్తాయి, శబ్దం సహజంగానే తగ్గినట్టుంటుంది. అలాంటి హెడ్‌ఫోన్‌కి యాంప్ కొని తగిలించినవాళ్ళు లేకపోలేదు. తర్వాత 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా స్వీప్ టోన్ (కింది స్థాయి నుంచి పైకి పాకే ఒకే శబ్దం) మెల్లగా వినండి. ఒక చెవిలో బర్‌మని కొట్టుకుంటే చాలాసార్లు డ్రైవర్ మీద పడిన తల వెంట్రుకే. వెల్వెట్ ప్యాడ్ తీసి, పల్చటి ఫోమ్ ఎత్తి, మెత్తటి బ్రష్‌తో తీసేయండి. డయాఫ్రమ్‌కి మాత్రం వేలు తగలనివ్వకండి, గాలి ఊదకండి.